రెండు లైన్ల వార్త

పొద్దున ఆరింటికే పేపరొస్తాది
తాడిపత్రి బస్టాండు కాడ నా పంచర్ల అంగడికి.
మొదటి పేజీ నాకెందుకప్పా,
వెనకనుంచి తిరగేస్తా.
ఆటల పేజీలో ముప్పాతిక క్రికెట్టు.
మిగిలిందే మనది,
ట్యూబుకేసే అతుకంత జాగా.

రాత్రంతా మేలుకున్న కండ్లు ఇవి.
యాడో వాన కురిసే ఊర్లో మ్యాచి.
కురిసేది చాలదని
ఆట మధ్యలో గడ్డికి పైపుతో నీళ్లు కొడతా ఉండారు.
ఈడ మా పాతూర్లో ట్యాంకరు రాక నాలుగు దినాలు.
గోలు పడినా గూడా కడుపు మండుతాది.

ఎనభై తొమ్మిదో నిమిషం.
మా వోడు తలతో కొట్టినాడు, వల ఊగింది.
నా కేకకు పక్కింటి కుళ్ళాయమ్మ లేసి కూర్చునింది.
అప్పుడు రెఫరీ చెవి పట్టుకున్నాడు.
టీవీలో గీతలు గీసినారు,
ఎర్రదొకటి, నీలందొకటి.
మోకాలు ముందుకుందంట.
మోకాలు!
పొలం కొలిచే సర్వేయరు గూడా
జానెడు అటూ ఇటూ వదిలేస్తాడు కదప్పా.
గోలంటే కంటితో చూసి గొంతుతో ఒప్పుకునేది,
గీత పెట్టి కొలిచేది కాదు.
గాలి కొట్టించుకోను వచ్చిన ప్రతివోడికీ
ఇదే చెప్పినా.
ఇద్దరు చిల్లర తీసుకోకుండానే పోయినారు.

ఇంగ ఈ కొనుగోళ్లు.
పందొమ్మిదేండ్ల పిల్లోడికి ఎనిమిది వందల కోట్లంట.
సంతలో ఎద్దును కొనేవోడు పండ్లన్నా చూస్తాడు.
వీళ్లు ఏం చూసి కొన్నారో,
మూడో వారానికే తొడనరం పట్టేసి
కుంటుకుంటా బెంచీ ఎక్కినాడు.

అమెరికావోళ్ల ఫుట్‌బాలు చూసినావా మౌలాలీ?
బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేదానికి
కాలి పేరెందుకో.
గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకునే సామెత
వీళ్లను చూసే పుట్టిందేమో,
భుజాలకు అంతంత దిండ్లు.

బేస్‌బాలు సంగతి వేరే.
పీఈటీ సారు మా హర్షియా చేతికి బ్యాటిచ్చేదాకా
ఆ ఆట పేరే తెల్దు నాకు.
రోకలి మాదిరి బ్యాటు,
మూడు మూలల మూడు మెత్తలు,
బయలుదేరిన కాడికే తిరిగొస్తే ఒక పరుగు.
దీనికేం ఆటప్పా, గానుగెద్దు చాలదా, అంటిని.
మళ్లా తెలిసింది,
బంతేసే పిల్ల ఏమారినప్పుడు
పక్క మెత్తకు ఉరికితే దాని పేరు దొంగతనమంట,
ఆ దొంగతనానికి చప్పట్లంట.
ఆ దినం నుంచి అంగడి మూసి పోతా ఉండా.

నిన్న ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో కడపోళ్లతో.
ఒక్క పరుగొస్తే సమానం.
మూడో మెత్త మీద మా పాప.
బంతి అట్ల ఎగిరిందో లేదో ఇట్ల ఉరికింది,
జారింది,
ఎర్రమన్ను లేసింది.
దుమ్ములో పిల్ల లేదు, బంతి లేదు, గీత లేదు.
అంపైరు బొటనేలు పైకెత్తినాడు.

మడమ తగిలింది! నా రెండు కండ్లతో చూసినా!
సార్, కెమెరా లేదా, ఎవరన్నా ఫోన్లో తీసినారా,
మళ్లా తిప్పి చూడండి,
గీత గీయండి సార్, ఒక్క గీత!

మౌలాలి నా పక్క తిరిగినాడు.
ఏమీ అన్లే.
శనక్కాయ ఒకటి ఒలిచి నా చేతిలో పెట్టినాడు.

ఈపొద్దు పేపర్లో రెండు లైన్లు.
"బేస్‌బాల్: కడప బాలికల విజయం.
అనంత జట్టులో హర్షిత ఆకట్టుకుంది."
ఎవరప్పా ఈ హర్షిత?

అంగడి ముందర టైరు మీద కూర్చుని
మోకాలి గాయానికి పసుపు అద్దుకుంటా ఉండాది.
నేను ట్యూబు తొట్టిలో ముంచినా.
"తగిలింది కదా పాపా మడమ?"
తల ఎత్తకుండా అనింది:
"లేదు నాయనా. ఏలెడు తక్కువ."

తొట్టిలో బుడగ లేసింది.

పెన్ను తీసి పేపర్లో పేరు దిద్దినా.
స్కోరు జోలికి పోలే.
కానీ ఏలెడంటే ఎంతప్పా,
సర్వేయరయితే వదిలేసుండడా?
రాత్రికి మౌలాలి రానీ,
మాట్లాడాల.